వాచరు తోలు

చొప్పదండిలో బస్సు ఆగుతుందనగా హనుమండ్లు సంచిలోంచి చెప్పులు తీసి కాళ్లకు తొడుక్కున్నాడు. ఖానాపూర్ నుంచి మూడు బస్సులు మారి వచ్చాడు గానీ దారి పొడుగునా వాటిని సంచిలోనే ఉంచి, సంచిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కొత్త కిర్రుచెప్పులు. తంగేడు చెక్కలో ఊరి ఎర్రబడిన బర్రెతోలు. యాభై ఏండ్ల బతుకులో ఆ కాళ్లు చెప్పులు ఎరగడం ఇదే మొదలు. నౌకరికి పోయేవాడు ఒట్టికాళ్లతో పోతే ఊరి ఇజ్జత్ ఏంగావాలని వాళ్ల ఊళ్లో తోలుపని చేసే అంతయ్య పట్టుబట్టి కుట్టి ఇచ్చాడు.

మెట్టు మీద అడుగు పడగానే చెప్పులు కిర్రుమన్నాయి. కండక్టర్ మహమూద్ నవ్వాడు. కరీంనగర్‌లో ఎక్కినప్పటి నుంచి హనుమండ్లు తన నౌకరి సంగతి అతనికి మూడుసార్లు చెప్పి ఉన్నాడు.

"పో, వాచర్ సాబ్, పో! నీ చెప్పుల సప్పుడు ఇంటే దొంగలు ఊరవుతల్నే ఆగిపోతరు," అన్నాడు మహమూద్.

సాబ్ అన్నాడు. పసులకాపరి హనుమండ్లును ఇంతవరకు ఎవరూ సాబ్ అనలేదు. ఆ ఒక్క మాటకే అతనికి కడుపు నిండిపోయింది.

ఆ నౌకరి దొరికిన తీరు చెప్పాలి. ఖానాపూర్ జంగలాత్ దఫ్తర్‌లో, అంటే అడవి శాఖ ఆఫీసులో, కొండల్ అని ఒక గుమాస్తా ఉన్నాడు. హనుమండ్లు ఒకప్పుడు రెండు ఎండాకాలాలు ఆ దఫ్తర్ కింద వాచరుగా పనిచేశాడు. అడవికి నిప్పంటుకోకుండా చూడడం, అడవిలోని బంగ్లా కనిపెట్టుకుని ఉండడం. తర్వాత వాచర్లు ఎక్కువయ్యారని తీసేశారు. నాలుగేండ్లుగా ఊరి పసులు కాస్తున్నాడు. ఈ అరవై అయిదో సంవత్సరం ఉగాది పోయిన వారానికి కొండల్ కబురు పెట్టి పిలిచి, చొప్పదండి నుంచి తన బావ నాగయ్య రాసిన కార్డు చదివి వినిపించాడు.

"కొండల్‌కు బావ దీవెనలు. ఇక్కడ బోరింగు బందై పరేషాన్ ఉన్నది. వాచరు తోలు. గట్టిగ ఉండాలె. నీళ్లల్ల నానినా తట్టుకోవాలె. బుధవారం వరకు చేరాలె."

కార్డులో ఉన్నది ఇంతే. నాగయ్య మాటల్లో పొదుపు మనిషి. కొండల్‌కు పదేండ్ల నుంచి వాచరంటే చేతిలో కట్టె పట్టుకుని అడవిలో తిరిగే మనిషి. ఇక తోలు అంటారా, ఆ దిక్కున బిడ్డను అత్తగారింటికి తోలుతారు, కబురుకు మనిషిని తోలుతారు, బండినీ తోలుతారు. బావ ఎక్కడో సర్కారు బోరింగు పని పట్టినట్టున్నాడు, సామాను కాడ కాపలాకు మనిషి కావాలంటున్నాడు అనుకున్నాడు కొండల్. గట్టి మనిషి, వానకు తడిసినా తట్టుకునేవాడు అంటే హనుమండ్లు మతికి వచ్చాడు.

"సారూ, నా తోలుతోని చెప్పులు కుట్టిచ్చినా నీ రునం దీరది," అన్నాడు హనుమండ్లు.

ఆ మర్నాడే చావడి ముందు పదిమందిలో పసులు కాసే కట్టెను లచ్చయ్య చేతిలో పెట్టాడు. వాళ్ల ఊళ్లో కట్టె అప్పజెప్పడం చిన్న సంగతి కాదు. ఒకసారి చేతులు మారితే మళ్లీ ఉగాది దాకా ఆ పని అడగరాదు. హనుమండ్లు పెండ్లాం లింగవ్వ ఇల్లిల్లూ తిరిగి బెల్లం ముక్క పెట్టి "మా ఇంటాయనకు నౌకరైంది" అని చెప్పి వచ్చింది.

*

నాగయ్య ఇల్లు సడకు పక్కనే. వాకిట్లోకి అడుగు పెడితే హనుమండ్లుకు ముందుగా కనబడింది బోళ్ల గుట్ట. గంజులు, సర్వలు, గిలాసలు, మాడిన అన్నపు కుండ. వాటి ముందు నాగయ్య భార్య కిష్టవ్వ బూడిదా చింతపండూ పెట్టి తోముతూ, ఆ తోముడంత జోరుగానే మొగుణ్ని తిడుతోంది. పక్కన బోరింగు. దాని తలకాయ ఊడదీసి గోనెసంచి మీద పెట్టి ఉంది. కడ్డీ, ఇనుప బిళ్లలు, మరలు వరుసగా పరిచి, వాటి మధ్య నాగయ్య సైకిల్ ట్యూబు ముక్క ఒకటి చేత పట్టుకుని కూర్చున్నాడు. నాలుగెకరాల రైతు, ఊళ్లో ఇంట్లో బోరింగు ఉన్న మొదటి మనిషి. ఇప్పుడు ఎవరింటి బావి నుంచో కావడితో నీళ్లు మోస్తున్న మనిషి.

ఆ బోరింగు వట్టి దర్పానికి పెట్టింది కాదు. ఆరేండ్ల కింద కిష్టవ్వ బావి గట్టు మీద జారిపడింది. కుడిచేతి మణికట్టు విరిగి వంకరగానే అతికింది. చేదతాడు పట్టు నిలవదు. నాగయ్య ఆ కోపం బావి మీద తీర్చుకున్నాడు. బావి మీద బండ కప్పించి, నిర్మల్‌లో ఎవరో అమ్ముతుంటే బామ్మర్ది కొండల్‌తో ఈ బోరింగు తెప్పించి బండ మీద బిగించాడు. తెచ్చింది వాడే కాబట్టి పాడైతే సామానూ వాడే పంపాలన్నది నాగయ్య ఇన్సాఫ్. కొండల్ మాత్రం ఆ బోరింగు సంగతి ఎప్పుడో మరిచిపోయాడు.

"కొండల్ సారు తోలిండు, పటేలా," అన్నాడు హనుమండ్లు, గొంగడి భుజం మీద సర్దుకుని.

నాగయ్య లేచి నిలబడ్డాడు. ముఖం వెలిగిపోయింది. "అచ్చిందా! ఎనిమిదొద్దుల సంది తొవ్వ చూస్తున్న. ఏదీ?" అని చేయి చాచాడు.

"ఏంది?"

"వాచరు."

"నేనే," అన్నాడు హనుమండ్లు.

నాగయ్య చేయి అట్లాగే చాచి ఉంది. "నువ్వెవ్వలో గని, వాచరేది?"

"వాచర్ను నేనే పటేలా. కొండల్ సారు కార్డు సదివిండు. వాచరు తోలు అని రాసిండ్రట. తోలిండు."

వినాయకుణ్ని చేయబోతే కోతి అయిందంటారు. నాగయ్య వాషరును వాచరని రాసి తోలుబిళ్లను అడిగితే సాక్షాత్తు హనుమండ్లే దిగాడు. అసలు సంగతి ముందుగా కిష్టవ్వకే అర్థమైంది. బూడిద చేతులు మోకాళ్ల మీద ఆనించి పకపకా నవ్వింది.

"ఓ నీ కార్డు పాడుగాను! వాచరు తోలు అంటే మనిషిని తోలుమని కాదు పెద్దమనిషీ. తోలు! గీ బోరింగు లోపట ఏసే తోలుబిళ్ల. అరిగిపోయింది, నీళ్లు గుంజుత లేదు..."

అంటూ అంటూ హనుమండ్లు ముఖం చూసి ఆగిపోయింది. నవ్వొచ్చే సంగతే, కాదనను. ఆ మనిషి కొత్త చెప్పులతో, గొంగడితో, ఇత్తడి చెంబు కట్టుకున్న మూటతో అట్లా నిలబడి ఉండకపోతే ఎవరైనా నవ్వుదురు.

"మరి నౌకరి?" అన్నాడు హనుమండ్లు.

"నౌకరేడిది తమ్మీ," నాగయ్య చాచిన చేయి దించాడు. "మా ఇంట్ల కాపలా కాయనీకేమున్నది? గీ బోళ్లా?"

"పసులు కాసే కట్టె అప్పజెప్పి అచ్చిన, పటేలా."

నాగయ్య రైతు. కట్టె అప్పజెప్పడం అంటే ఏమిటో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. చేతిలో ట్యూబు ముక్క అటూ ఇటూ తిప్పాడు, హనుమండ్లును చూశాడు, బోరింగును చూశాడు. రెండింటిలో ఏ ఒక్కదానికీ తన దగ్గర మందు లేదు. "ముందుగాల కాళ్లు కడుక్కో. అన్నం తిను. కరీంనగర్ దిక్కు బస్సు పోయింది, ఇయ్యాల ఇంకేం లేదు," అన్నాడు చివరికి.

కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు చెంబెడే ఇచ్చారు. ఆ ఇంట్లో నీళ్లు అంత కరువుగా ఉన్నాయి.

*

జొన్నరొట్టె, పప్పు పెట్టి కిష్టవ్వ తన గోస చెప్పుకుంది. లోపల ఆమె బిడ్డ చంద్రవ్వ బాలింత. మొదటి కాన్పు, మొగపిల్లవాడు. రేపు బేస్తారం ఇరవై ఒకటో దినం. బాలింత ఇరవై ఒకటో నాడు పుట్టింటి బావికి పసుపు కుంకుమ పెట్టి, తన చేత్తో మొదటి చేద తోడాలి. ఆ నీళ్లతో శుద్ధి అయ్యాకే ఇంట్లో పని ముట్టుకోవాలి. బావి మీద బండ ఉంది కాబట్టి బోరింగుకే పూజ చేద్దామని వియ్యపురాలు పోశవ్వను ఒప్పించడానికి నెల పట్టింది.

"బాయి బతికుండంగనే బొందవెట్టిండ్రు, గసొంటి ఇంట్ల పురుడేందని ముందుగాల్నే అన్నది ఆమె. రేపు పదిమందిల బోరింగు కొడ్తె గాలి బుస్సుమన్నదనుకో, నా బిడ్డ బతుకంత గదే మాట ఇనాలె," అంది కిష్టవ్వ. కండ్లు ముంజేత్తో తుడుచుకుంది, అరచేతులకు బూడిద కాబట్టి.

చేయాల్సినవన్నీ నాగయ్య చేశాడు. కరీంనగర్ పోతే అక్కడి బిళ్లలు ఈ బోరింగుకు పట్టలేదు. సైకిల్ ట్యూబు పెడితే మడత పడింది. గోనెపట్టా పెడితే పీచై నీళ్లలో తేలింది. ఊళ్లో తోలుపని చేసేవాళ్లను అడుగుదామంటే అందరూ కొండగట్టు జాతరకు పోయారు. తన చెప్పులు కోద్దామంటే అవి టైరువి.

హనుమండ్లు చేయి కడుక్కుని గోనెసంచి దగ్గరికి పోయి కూర్చున్నాడు. కడ్డీ తీసి చూశాడు. ఇనుప బిళ్ల తిప్పి చూశాడు. అడవి బంగ్లాలో ఇట్లాంటి బోరింగే ఉండేది. వాచరంటే ఒక్క కాపలానా? దొర వస్తే నీళ్లు కాచేదీ వాచరే, బోరింగు ఆగితే తోలు మార్చేదీ వాచరే. రెండుసార్లు తన చేతులతోనే మార్చాడు.

అయినా నోరు విప్పలేదు. ఎందుకు విప్పాలి? బోరింగు బాగైతే తనకు నౌకరి రాదు, బాగుకాకున్నా రాదు. ఊళ్లో ఇప్పుడు లచ్చయ్య తన కట్టె పట్టుకుని పసులను వాగు దాటిస్తూ ఉంటాడు. లింగవ్వ ఎవరింట్లోనో కూర్చుని మా ఇంటాయన ఈపాటికి చేరే ఉంటడని చెబుతూ ఉంటుంది. రేపు తాను ఊరి పొలిమేరలో దిగితే ముందు ఆమెను చూసి నవ్వుతారు, తర్వాత తనను. ఆ తలపుకే అతనికి ఏడుపొచ్చింది. తల వంచుకుని ఇనుప బిళ్లను గోచీ కొంగుతో తుడుస్తూ కూర్చున్నాడు.

అప్పుడే కిష్టవ్వ ఆ వంకర చేత్తో పెద్ద గంజు ఎత్తబోయింది. పట్టు తప్పింది. గంజు బండ మీద దొర్లి, నాగయ్య కావడితో మోసి తెచ్చిన నీళ్లన్నీ వాకిట్లో పారాయి. ఆమె నాగయ్యను తిట్టలేదు. తడి మట్టిలోనే కూర్చుండిపోయింది.

"తోలుంటే నేనేస్త, పటేలా," అన్నాడు హనుమండ్లు.

"తోలుంటే నిన్నెందుకు తోలిపిస్తమయ్యా," అన్నాడు నాగయ్య విసుగ్గా, వెంటనే నాలిక కరుచుకున్నాడు.

హనుమండ్లు లేచి గడప దగ్గర విడిచిన తన చెప్పులు తెచ్చాడు. బండ మీద బోర్లా పెట్టి, మొల్లోంచి కత్తి తీసి అడుగు అట్ట కుట్లు విప్పడం మొదలుపెట్టాడు.

నాగయ్య పరుగున వచ్చి చేయి పట్టుకున్నాడు. "వద్దు తమ్మీ! కొత్తయి కొత్త చెప్పులు!"

"ఏం జేసుకుంట? నౌకరికని కుట్టిచ్చిన చెప్పులు. నౌకరే లేకపాయె."

కిష్టవ్వకు మాత్రం మరో ఫికర్ పట్టుకుంది. దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది. "చెప్పుతోలు గదనే. రేపు దానికి పసుపు పెట్టాలె..." కాసేపు తనే ఆలోచించుకుంది. "పోనీ తియ్యి. మోటబొక్కెన తోలుది కాదా? గా నీళ్లతోని పండినయే గదా ఇన్నేండ్లు తిన్నం. ఎక్కువ తొక్కలేదు గద నువ్వు?"

"మూడు బస్సులెక్కినయి, గంతే అక్క. నడిచింది తక్కువ."

అట్టలోంచి మంచి పొర ఒకటి తీసి, పాత ఇనుప బిళ్ల ఆనించి గుండ్రంగా కోశాడు. మధ్యలో కాల్చిన మేకుతో బెజ్జం పెట్టాడు. నీళ్లలో మెత్తబడే దాకా నానేసి, కిష్టవ్వ తోమి బోర్లించిన గిలాసల్లో కొలతకు సరిపోయేదాన్ని ఏరి, దాని అడుగున తోలును ఒత్తి, అంచులు కిందికి వంచి దారంతో చుట్టాడు. ఎండలో బిగుసుకున్నాక విప్పితే చిన్న గిన్నెలా నిలబడింది. నాగయ్యకు ఆగలేదు, ఇప్పుడే వేద్దామన్నాడు.

"ఎండుతోలు నీళ్లు గుంజది. పొద్దుగాల దాకా ఆముదంల ఊరాలె. తొందరపడితే అయ్యేటియి కావు గివి," అన్నాడు హనుమండ్లు. పని చేతిలో ఉన్నంతసేపు అతని గొంతు గట్టిగా ఉంది. బాలింత ఉన్న ఇల్లు కాబట్టి ఆముదానికి కొదవ లేదు.

రెండో చెప్పు మిగిలింది. ఒంటి చెప్పు ఎవరికి పనికొస్తుంది? దాన్నీ విప్పి ఇంకో బిళ్ల కోసి, నూనె రాసి, గుడ్డలో చుట్టి కిష్టవ్వ చేతికిచ్చాడు. "రెండు మూడేండ్లకు గా మొదటిది అరుగుతది గద. అప్పుడు కార్డు రాసుడు అక్కరుండది," అన్నాడు.

*

బేస్తారం పొద్దున ఎండ వాకిట్లోకి రాకముందే బోరింగు బిగించారు. హనుమండ్లు పైనుంచి చెంబెడు నీళ్లు పోసి పిడి పట్టాడు. మొదట గాలి బుసకొట్టింది. నాగయ్య కండ్లు మూసుకున్నాడు. పిడి బరువెక్కింది, గొంతులో ఏదో గుటకపడినట్టు సప్పుడైంది. తర్వాత ఎర్రనీళ్లు, ఆ తర్వాత తేటనీళ్లు బోళ్ల మీద దుంకాయి. పిడి కొట్టినప్పుడల్లా లోపల తోలు కిర్రుమంటోంది. ఆ సప్పుడు హనుమండ్లు గుర్తుపట్టాడు.

పోశవ్వ వచ్చింది, ఆమె వెంట ఏడుగురు ఆడవాళ్లు వచ్చారు. వస్తూనే ఆమె బోరింగు చుట్టూ ఒక తిరుగుడు తిరిగి చూసింది. చంద్రవ్వ పిల్లవాణ్ని తల్లి చేతికిచ్చి, బోరింగుకు పసుపు రాసి కుంకుమ పెట్టి, దండం పెట్టి, పిడి కొట్టింది. ఒక్క దెబ్బకే నీళ్లు బిందెలో పడ్డాయి. పోశవ్వ కూడా వంగి, పసుపు రాసిన ఇనుముకు నొసలు ఆనించింది. లోపల ఉన్నదేమిటో తెలిసిన ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

తలెత్తాక పోశవ్వ చూపు గోడవారన గొంగడి కప్పుకుని నిలబడ్డ హనుమండ్లు మీద పడింది. "గీయన ఎవలు?"

నాగయ్య బోరింగు వైపు చూశాడు. "మా బోరింగు వాచరు," అన్నాడు.

"బోరింగుకు వాచర్నే పెట్టుకున్నరా!" అంది పోశవ్వ. ఆమె గొంతులో ఆ ఇంటి మీద మర్యాద వినబడడం అదే మొదలు. నాగయ్య మీసం మీద చేయి పోయింది. హనుమండ్లు నడుము నిటారు చేసుకుని నిలబడ్డాడు. చుట్టాలు తిని పోయేదాకా ఎంతసేపు పట్టిందో అంతసేపు అతనికి ఆ ఇంట్లో నౌకరి ఉంది.

వాళ్లు పోయాక లేకుండా పోయింది.

కిష్టవ్వ బూరెలు, అన్నం మూటకట్టింది. బస్సు కిరాయి నాగయ్య మూటలోనే పెట్టాడు. తన టైరు చెప్పులు తెచ్చి ముందు పెట్టాడు గానీ, అడవి తిరిగిన ఆ వెడల్పు పాదాలు వాటిలో సగం కూడా పట్టలేదు.

"నిన్ను ఉంచుకునే తాకతుంటే ఉంచుకోకపోదునా, తమ్మీ," అన్నాడు. "కొండల్‌కు కార్డు రాస్త. ఇంకేడన్న చూడుమంట."

"రాయుండ్రి పటేలా. గని..." హనుమండ్లు నేల చూశాడు. "నేను వాపస్ వస్తున్ననని రాయకుండ్రి. గా కార్డు సారు మా లింగవ్వకు సదివి చెప్తడు. నౌకరి మీదున్నడని రాయుండ్రి."

నాగయ్య ముఖం ముడుచుకుంది. "లేనిది ఉన్నదని నేను రాయ. నా చేతితోని ఎన్నడు రాయలే."

"అబద్ధం వద్దు. వాచరు చేరిందని రాయుండ్రి. చేరింది గద. పని మంచిగ నడుస్తున్నదని రాయుండ్రి. నడుస్తలేదా?"

వాకిట్లో కిష్టవ్వ బోరింగు కొట్టుకుంటూ చుట్టాలు తిన్న బోళ్లు తోముతోంది. ఆ వంకర చేతికి పిడి సుళువుగానే వస్తోంది. నాగయ్య అటు చూశాడు. కార్డు తీసుకుని చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాడు. రాశాక పైకి చదివాడు.

"కొండల్‌కు బావ దీవెనలు. వాచరు చేరెను. పని మంచిగ నడుస్తున్నది. ఫికర్ లేదు."

"ఒక్క మాట కూడ అబద్ధం లేదు," అన్నాడు చదివి, తనకు తానే చెప్పుకుంటున్నట్టు. కిష్టవ్వ తోమడం ఆపి ముంజేత్తో కండ్లు తుడుచుకుంది.

సడకు మీద మన్ను కాలుతోంది. బస్సు ఆగే చోట కానుగ చెట్టుకు ఎర్ర టపాడబ్బా తగిలించి ఉంది. హనుమండ్లు కార్డును కండ్లకద్దుకుని డబ్బాలో వేశాడు. అది లోపల పడిన సప్పుడు విన్నాక గాని అతనికి సంగతి తెలిసిరాలేదు. నాలుగు దినాల్లో లింగవ్వ ఆ మాటలు వింటుంది. ఇల్లిల్లూ తిరిగి చెబుతుంది. ఇక తాను ఏ ముఖం పెట్టుకుని ఆ ఊళ్లో దిగేది? డబ్బా నోట్లో వేళ్లు పెట్టి చూశాడు. రెండు కణుపుల కంటే లోపలికి పోలేదు.

కరీంనగర్ బస్సు వచ్చి దుమ్ము రేపి ఆగింది. మెట్టు మీద మహమూద్.

"ఏం వాచర్ సాబ్! అప్పుడే వాపసా? ఎక్కుతవా?"

హనుమండ్లు మూట చంక మార్చుకున్నాడు. కాలే మన్ను మీద ఒక కాలు, దాని మీద ఇంకో కాలు పెట్టుకుని నిలబడ్డాడు.

"లేదు సాబ్. డ్యూటీ మీదున్న. కార్డు ఎయ్యనీకొచ్చిన."

మహమూద్ విజిల్ నోట్లో పెట్టుకోబోయి అతని కాళ్లు చూశాడు. "అరే, చెప్పులేవి?"

"పని మీదున్నయి," అన్నాడు హనుమండ్లు.